కొంగలకూ ఎన్నికల కోడ్ పెట్టాలి

ఓటరుకు ఉన్న రక్షణలో పదో వంతు కూడా చేపకు లేదు. అందుకే కొల్లేరు మొదలు పొలం పక్క పంటబోదె దాకా, నీళ్లలో కాలు పెట్టే ప్రతి పక్షికీ ఎన్నికల కోడ్ వర్తింపజేయాలని చేపల తరఫున మనవి.

ముందుగా గుడ్డికొంగ సంగతి. పక్కదాకా వెళ్లినా కదలదని దానికి ఆ పేరు పెట్టారు గానీ చూపు మాత్రం భేషుగ్గా ఉంది. మట్టిరంగు ఒళ్లు, భుజాల్లోకి లాక్కున్న మెడ, నాకేం పట్టదన్న మొహం. నీళ్లలోని చేప అసలు ఉన్నచోటు కంటే కాస్త పైన కనబడుతుంది. మనమైతే గురి తప్పుతాం. అది ఆ తేడా సరిచూసుకునే పొడుస్తుంది. ముడిచిన మెడ సాగిందని మనకు తెలిసేలోపే పరిగె ముక్కులో ఉంటుంది. ఇక ఎగిరిందా, రెక్కలు తెల్లగా మల్లెపువ్వే! మన అభ్యర్థులు నయం, తెల్లబట్టలు ముందే వేసుకుని వస్తారు.

చిన్న తెల్లకొంగ ఒక కాలు బురదలో వణికిస్తుంది. దాక్కున్న రొయ్యపిల్ల హడలిపోయి బయటికొస్తుంది. (ఆ పాదాల పసుపు రంగుకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు.)

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వచ్చే ఎర్రకాళ్ల కొంగకు చూడాల్సిన పని కూడా లేదు. సగం తెరిచిన ముక్కు బురదనీళ్లలో ముంచి ఊపుకుంటూ నడుస్తుంది. ఏదైనా తగిలితే టక్కున మూసేస్తుంది. దీని అమెరికా దాయాదికి అందుకు సెకనులో నలభయ్యో వంతు చాలని కొలిచారు. బల్ల కింద చేతులకు కూడా అంత స్పీడు లేదు.

జపాన్‌లోని కుమమోటోలో ఒక జాతి కొంగలు ఏకంగా తాయిలాలే పంచుతాయి. రొట్టెముక్క నీళ్లలో వేసి కాచుకుంటాయి. ముక్క కొట్టుకుపోతే తెచ్చి మళ్లీ వేస్తాయి. ఆ జాతి మన కోరింగ మడ అడవుల్లోనూ ఉంది కాబట్టి నిఘా బృందాలను వెంటనే పంపాలి.

కొంగల తరఫు వాదన కూడా విన్నాం. "మేం మేనిఫెస్టో ఇవ్వలేదు. పైగా ఐదేళ్లకోసారి కాదు, రోజూ తెల్లారేసరికి మోకాలి లోతు నీళ్లలో నియోజకవర్గంలోనే ఉంటాం."

దీనికి మా దగ్గర జవాబు లేక కమిటీ వేశాం. చైర్మన్‌గా నత్తగుల్లకొంగను అనుకుంటున్నాం. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది దానికి. చాలాసార్లు గుల్ల పగలకుండానే లోపలి నత్తను లాగేస్తుంది. ఆడిట్ వాళ్లు వచ్చేసరికి గుల్లలన్నీ లెక్కకు సరిపోతాయి.