నల్లటి బొమ్మ మీద నెత్తురు చల్లితే భయం పుట్టదు

గేములు తయారు చేసే కుర్రవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. మహబూబ్‌నగర్‌లో నా దగ్గర బొమ్మలు నేర్చుకుంటున్న ముగ్గురు విద్యార్థులు ఒకే వారంలో దాన్ని నాకు పంపించారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: హారర్ గేమ్ కవర్ నల్లగా ఉండాలి. దయ్యం ముఖం బొమ్మ నిండా ఉండాలి, నెత్తురు కనబడాలి. పేరు నెత్తురు కారే అక్షరాల్లో ఉండాలి, దాని కింద ‘ఒంటరిగా ఆడవద్దు’ వంటి హెచ్చరిక రాయాలి. విదేశీయులు కొనాలంటే పాడుబడ్డ బంగళానో, జోకర్‌నో పెట్టాలి. ఒక్క బొమ్మ గీయించి అన్ని కొలతలకూ కోసుకుంటే చాలు. ఇదంతా గేమ్ పూర్తయ్యాక చూసుకోవచ్చు.

నేను నల్లగొండలో ఏళ్ల తరబడి దుకాణాల బోర్డులు రాసినవాడిని. ఫ్లెక్సీలు వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు చిన్న గేములకు కవర్లు గీస్తున్నాను. రెండేళ్లు నిద్ర మానుకుని చేసిన గేమ్‌ను చూపరులు ఆగకుండా దాటిపోతే ఆ పిల్లల ముఖాలు ఎలా వాడిపోతాయో దగ్గరగా చూశాను. ఈ సలహాలు అటువంటి పిల్లలకే చేరుతున్నాయి కాబట్టి ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందు నలుపు సంగతి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ పేజీయే ముదురు నీలం రంగులో ఉంటుంది. దాని మీద నల్లటి బొమ్మ పెడితే అంచులు పేజీలో కలిసిపోతాయి. బొమ్మ చిన్నదయ్యే కొద్దీ లోపలి వివరాలు కూడా మాయమై, చివరకు మసిగుడ్డ ముక్క మిగులుతుంది.

నల్లగొండ పక్కనే పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్ల గుడి అది. ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభం లాంటి నీడ పడుతుంది. పొద్దున వెళ్లినా, మధ్యాహ్నం వెళ్లినా అది అక్కడే ఉంటుంది. బయట స్తంభాల మధ్య నుంచి వేర్వేరు వైపుల వెలుతురు లోపలికి వచ్చి పడడం వల్ల ఆ నీడ ఏర్పడుతుందని వివరిస్తారు. కారణం తెలిసిన తర్వాత కూడా, ఏ స్తంభానిదో తేలని ఆ నీడ ముందు నిలబడితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ గోడ మీద వెలుతురు లేకపోతే నీడా లేదు. నా విద్యార్థులను కవర్ గీసే ముందు ఒకసారి అక్కడికి పంపిస్తాను. బొమ్మలో అధిక భాగం చీకటిగానే ఉండనివ్వండి, కానీ ఒకచోట వెలుతురు ఉండాలి, ముఖ్యమైన ఆకారం ఆ వెలుతురుకు అడ్డంగా నిలవాలి. లిటిల్ నైట్‌మేర్స్ (2017) గేమ్‌లోని పసుపు రెయిన్‌కోటు పిల్లను చూడండి. మసక మసక ప్రపంచంలో చిటికెడు పసుపు. ఎంత చిన్నగా చేసినా కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

ఇక దయ్యం ముఖం, నెత్తురు. సైలెంట్ హిల్ 2 (2001) పేరు చెప్పగానే అందరికీ త్రికోణపు ఇనుప తల రాక్షసుడు గుర్తొస్తాడు. కానీ ఆ గేమ్ అసలు కవర్ మీద ఉన్నది ఏంజెలా అనే యువతి ముఖం. ఆమెకు ఏమైంది అన్న ప్రశ్నతోనే మనిషి ఆగుతాడు. ముఖం పెట్టి గెలిచిన గేములు లేవా అంటే ఉన్నాయి. ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ (2014) ఎలుగుబంటి ముఖాన్నే ముందు పెట్టుకుంది. అయితే అది పిల్లలను నవ్వించడానికి చేసిన బొమ్మ ముఖం. నవ్వించాల్సింది ఇలా చూస్తోందేమిటి అన్న తేడాలోనే అక్కడ భయం ఉంది. నోరు తెరిచి కోరలు చూపే ముఖంలో ఆ తేడా ఉండదు. చూడాల్సినదంతా అక్కడే అయిపోతుంది, లోపలికి వెళ్లడానికి ఏమీ మిగలదు. పైగా స్టీమ్‌లో గేమ్ పెద్దలకు ఉద్దేశించినదైనా దుకాణపు ప్రధాన బొమ్మలు అందరూ చూడదగినవిగా ఉండాలి.

నా విద్యార్థి ఒకడు చేదబావి చుట్టూ తిరిగే గేమ్ చేస్తున్నాడు. వాడి మొదటి కవర్‌లో జుట్టు విరబోసుకున్న దయ్యం బావిలోంచి పైకి వస్తోంది, నోటి నిండా నెత్తురు. మూడు వారాలు కూర్చుని దాన్ని మార్చాం. ఇప్పుడు రాత్రి, గిలక పక్కన ఒక బల్బు. ఖాళీ బొక్కెన గట్టు మీదే ఉంది. తాడు మాత్రం గిలక మీదుగా బావిలోకి బిగుసుకుని దిగింది. అంతే. వాడి గదిలో ఉండే స్నేహితుడు గేముల జోలికి పోని మనిషి. ఆ బొమ్మను ఫోనులో చూసి, ‘బొక్కెన పైనే ఉందిగా, మరి కింద పట్టుకున్నది ఎవరు?’ అని అడిగాడు. కవర్ చేయాల్సిన పని అదే.

అక్షరాల విషయంలో నాకు కోపం కూడా వస్తుంది, ఎందుకంటే నా చేతి పని అది. స్టీమ్‌లో చిన్న కవర్ కొలత 462 పిక్సెళ్ల వెడల్పు, 174 ఎత్తు. దాన్నుంచే ఇంకా చిన్నవి తయారవుతాయి, 120 వెడల్పు, 45 ఎత్తు దాకా. అంటే తపాలా బిళ్ల కంటే సన్నని పట్టీ. అందులో నెత్తురు చారలు కారే అక్షరాలు చదవడం ఎవరివల్లా కాదు. తెలుగులో అయితే మరీ కష్టం. ‘ప’కూ ‘వ’కూ మధ్య తేడా తలకట్టు కింద ఉన్న చిన్న సందే. ఒక్క చార ఆ సందులోకి దిగితే ‘పగ’ అన్న పేరు ‘వగ’ అవుతుంది. వత్తుల కింద చారలు వేలాడితే అది ఏ వత్తో తేలదు. బోర్డు రాసేటప్పుడు మా గురువు రోడ్డు అవతలికి వెళ్లి, కళ్లు సగం మూసి చదివేవారు. అలా చదవలేకపోతే నాచేత చెరిపించి మళ్లీ రాయించేవారు. చిన్న కవర్‌లో దాదాపు పేరే నిండి ఉండాలి, అక్షరాలు నిలకడగా ఉండాలి. భయం కావాలంటే ఒక్క అక్షరాన్ని కదిలించండి. బావి గేమ్ పేరులో మేము సున్నా ఒక్కదాన్ని బావి నోరులా గీశాం, మిగతావి మామూలు లావు అక్షరాలు.

హెచ్చరిక రాత గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2022 సెప్టెంబర్ 1 నుంచి స్టీమ్ కవర్ బొమ్మల మీద మామూలుగా గేమ్ పేరు, ఉపశీర్షిక తప్ప వేరే రాతలకు అనుమతి లేదు. రేటింగులు, అవార్డులు, తగ్గింపు ధరలు కూడా పెట్టకూడదు.

విదేశీయుల కోసం బంగళా పెట్టాలన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించింది. అటువంటి బంగళాలు దుకాణం నిండా ఉన్నాయి. మన పాలమూరు పక్కన మూడెకరాల మేర పరుచుకున్న పిల్లలమర్రి ఉంది. చెదలు పట్టి ఆ చెట్టు కూలిపోయే స్థితికి వచ్చినప్పుడు, 2018లో, కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. వందల ఏళ్ల మర్రి, ఊడల మధ్య ఆసుపత్రి సీసాలు! అది చెట్టును బతికించే పని, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ బొమ్మలు గీసేవాడి కంటికి ఆ దృశ్యం ఎంత వింతగా తోస్తుందో ఆలోచించండి. ఏ దేశం మనిషైనా అటువంటి కవర్ దగ్గర ఆగుతాడు, ఎందుకంటే అది అతను ఇంతకు ముందు చూడనిది. మర్రి పేరు అతనికి తెలియకపోయినా జబ్బుపడ్డ చెట్టు అర్థమవుతుంది.

ఒకే బొమ్మను కోయడం కుదరదని కొలతలే చెబుతాయి. ఒకటి 920 వెడల్పు, 430 ఎత్తు. ఇంకొకటి 748 వెడల్పు, 896 ఎత్తు నిలువు బొమ్మ. కొన్నవారి గేములన్నీ ఉండే లైబ్రరీలో పైన వచ్చేది 3840 వెడల్పు, 1240 ఎత్తు, దాని మీద పేరు కూడా ఉండకూడదు. అడ్డబొమ్మను నిలువుగా కోస్తే బావి ఉంటుంది, బొక్కెన పోతుంది. బొక్కెన పోతే ప్రశ్నే పోతుంది. గట్టు, తాడు, బొక్కెన, బల్బు, పేరు మొదటి నుంచీ వేర్వేరు లేయర్లలో, అంటే విడివిడి పొరల్లో గీసి, ఒక్కో కొలతకు మళ్లీ పేర్చుకోవాలి.

చివరి మాట, కవర్ చివర్లో చూసుకోవచ్చన్నది. విడుదలకు కనీసం రెండు వారాల ముందు ‘త్వరలో వస్తుంది’ పేజీ పెట్టాలన్నది స్టీమ్ నియమం. ఇంకా ముందే పెడితే విష్‌లిస్టులో, అంటే తర్వాత కొనాలనుకునే గేముల జాబితాలో చేర్చుకునేవారికి అంత ఎక్కువ సమయం దొరుకుతుంది. ఆ రోజులన్నీ మీ తరఫున నిలబడేది కవరే. మా బావి గేమ్ సగం కూడా కాలేదు, కవర్ మాత్రం అయింది. అది అయిన మర్నాడు ఆ అబ్బాయి తన మొదటి దృశ్యాన్ని తీసేశాడు. ఇప్పుడు గేమ్ మొదలు కాగానే ఆడేవాడి ముందు బావి గట్టు ఉంటుంది, దాని మీద ఖాళీ బొక్కెన, పక్కనే బిగుసుకున్న తాడు. ఆ తాడును లాగాలా, కోసేయాలా అన్నది ఆడేవాడే తేల్చుకోవాలి.