తొలి గంటలోనే కబురందాలి

‘కనబడుటలేదు’ అన్న శీర్షిక కింద తపాలా బిళ్లంత ఫొటో. వయసు 74, చామనఛాయ, ఇల్లు విడిచినప్పుడు తెల్లచొక్కా, గళ్ల లుంగీ. మతిమరుపు ఉంది. తెలుగు మాత్రమే మాట్లాడును. ఆచూకీ తెలిపిన వారికి తగిన పారితోషికం ఇవ్వబడును. ఇలాంటి ప్రకటనలు పత్రికా కార్యాలయాలకు కొత్త కాదు. కొడుకో అల్లుడో పట్టుకొస్తారు, కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉంటాయి. అప్పటికే పెద్దాయన గడప దాటి రెండు రోజులై ఉంటుంది. మేము అచ్చువేసి ఇంటింటికీ చేర్చేసరికి మూడో రోజు తెల్లారుతుంది. మొదటి రెండు గంటలూ ఆయన బహుశా ఇంటికి కూతవేటు దూరంలోనే, ఏ టీ బడ్డీ ముందు బల్ల మీదో కూర్చుని ఉంటారు. టీ అందించిన మనిషికి మాత్రం ఆయన తప్పిపోయారని తెలియదు. ఆ గంటలో ఆ బడ్డీ యజమాని ఫోనుకు ఒక్క కబురు అంది ఉంటే మా ప్రకటనతో పనే ఉండేది కాదు.

డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్నవారు దారి తప్పితే ఇంట్లోవాళ్ల నిర్లక్ష్యమని ఊళ్లో అనేస్తారు. ఆ మాట అన్యాయం. పొద్దు వాలేవేళకు వాళ్ల మనసు ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. ఎప్పుడో రిటైరైన ఆఫీసుకు టైమైపోతోందని చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరతారు. అమ్మేసిన పాత ఇంటికి వెళ్లి తలుపు తడతారు. బస్సెక్కితే చివరి స్టాపు దాకా దిగరు. బట్టలు శుభ్రంగా ఉంటాయి, మాట మర్యాదగా ఉంటుంది, అందుకే చూసేవారికి అనుమానం రాదు. అలసిపోయి ఏ తుప్పల చాటునో కూలబడితే, పేరు పెట్టి పిలిచినా చాలామంది పలకరు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. 24 గంటల్లోపు దొరకనివారిలో సగం మంది దాకా తీవ్రంగా గాయపడటమో ప్రాణాలు కోల్పోవడమో జరగవచ్చని అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది.

ఇంత తెలిసీ స్టేషన్ మెట్లెక్కిన కుటుంబానికి తరచూ ఎదురయ్యే జవాబు ఇది: ‘చుట్టాల ఇళ్లలో చూశారా? రేపటిదాకా ఆగండి, ఆయనే వస్తాడు.’ 24 గంటలు ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. పిల్లల విషయంలో ఈ ధోరణికి సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే అడ్డుకట్ట వేసి, కేసు తప్పనిసరిగా నమోదు చేయాలంది. పిల్లల కోసం ట్రాక్ చైల్డ్, ఖోయా పాయా పోర్టళ్లు వచ్చాయి. తెలంగాణ పోలీసులు ముఖాలను పోల్చి చూసే దర్పణ్ యాప్ తెచ్చారు, పిల్లల్ని వెతికి ఇల్లు చేర్చే ఆపరేషన్ స్మైల్, ముస్కాన్ ఏటా నడుపుతున్నారు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. అయితే పసివాడిలాగే ఇంటి అడ్రసు చెప్పలేని 70 ఏళ్ల తల్లికి, మాటలు రాని 30 ఏళ్ల కొడుక్కి అలాంటి ప్రత్యేక ఏర్పాటు కనబడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్, రోడ్ల మీద తిరుగాడే మానసిక రోగులను లాకప్‌లో పెట్టరాదనీ, వారి కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుదేననీ చెబుతోంది. అది దొరికినవారి సంగతి. ఆధార్ కార్డు చేయిద్దామని ఆశ్రమంలో వేలిముద్రలు తీస్తే, అప్పటికే నమోదై ఉన్నట్టు తేలి ఏళ్ల తర్వాత ఇల్లు చేరినవారూ ఉన్నారు. ఆ వార్తలు చదివి సంతోషిస్తాం. ఆ మధ్య గడిచిన ఏళ్లకు జవాబు ఎవరు చెబుతారు?

కుటుంబాలకు మిగిలింది ఆటోకు మైకు కట్టించుకుని వీధులు తిరగడం, వాట్సాప్‌లో ఫొటో పెట్టడం. ఆ ఫొటోకు అంతూ పొంతూ ఉండదు. మనిషి మర్నాడే దొరికినా మూడేళ్ల దాకా ఏదో గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది, కూతురి నంబరుకు అపరిచితుల ఫోన్లు వస్తూనే ఉంటాయి. చివరికి జనం నిజమైన కబురునూ పాతదే అనుకుని వదిలేస్తారు.

నిజానికి యంత్రాంగం కొత్తగా కట్టాల్సిన పని లేదు. 2023లో దేశవ్యాప్తంగా పరీక్షలు జరిపినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమని మోగి మనల్ని ఉలిక్కిపడేలా చేశాయి. అది కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన సెల్ బ్రాడ్‌కాస్ట్. ఎంచుకున్న టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లకు, వాటి నంబర్లు తెలియకపోయినా, సందేశం పంపగలదు. పిడుగులు పడతాయి, చెట్ల కింద నిలబడొద్దంటూ ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా హెచ్చరిస్తూనే ఉంది. పిడుగు గురించి చెప్పగలిగినప్పుడు, వీధి చివర దారితెలియక నిలబడ్డ అమ్మ గురించి చెప్పలేమా?

దక్షిణ కొరియా ఈ పని 2021 జూన్ నుంచి చేస్తోంది. పిల్లలతో పాటు డిమెన్షియా, మేధో వైకల్యం ఉన్నవారు తప్పిపోయినప్పుడు ఆ ప్రాంతవాసులకు పోలీసులు ఆనవాళ్లు, దుస్తుల వివరాలు పంపుతారు. అమెరికాలో అపహరణకు గురైన పిల్లల కోసం 1996లో టెక్సాస్‌లో పుట్టిన ఆంబర్ అలర్ట్ చూసి, పదేళ్లకు ఓక్లహామా వృద్ధుల కోసం సిల్వర్ అలర్ట్ ఆలోచన చేసింది. ఇప్పుడది చాలా రాష్ట్రాల్లో ఉంది. అక్కడ కొడుకు దగ్గరుండే మన పెద్దాయన దారి తప్పితే హైవే బోర్డుల మీద కబురు వెలగవచ్చు. అమలాపురంలో తప్పితే ఆటో మైకే గతి.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం మేము పట్టుబడతాం. 18 ఏళ్లు దాటిన మనిషి తన ఇష్టంతో ఇల్లు వదిలి వెళ్లడం నేరం కాదు. భర్త దెబ్బలు తాళలేక వెళ్లిన ఇల్లాలు, కులం కాని వాణ్ని పెళ్లాడటానికి బయటపడ్డ అమ్మాయి దొరకకుండా ఉండాలనే కోరుకుంటారు. ‘మా అమ్మాయికి మతి స్థిమితం లేదు’ అని తండ్రి రాసిచ్చిన ఒక్క కాగితంతో ఊరందరి ఫోన్లూ మోగితే, ఆమెను వెతికి వాళ్ల చేతుల్లో పెట్టినవాళ్లం మనమే అవుతాం. 2018లో మిర్యాలగూడలో పట్టపగలు జరిగిన పరువు హత్యను చూసిన నేల ఇది. కాబట్టి కుటుంబం మాట ఒక్కటే చాలదు. చికిత్స చేస్తున్న వైద్యుడి ధ్రువీకరణో, వైకల్య ధ్రువపత్రమో, ముందే చేయించుకున్న నమోదో ఉండాలి. సందేశంలో జబ్బు పేరు, ఇంటి చిరునామా ఉండకూడదు. ఆనవాళ్లు, చివరిసారి కనిపించిన చోటు, పోలీసు నంబరు చాలు. ముందు ఆ చుట్టుపక్కల టవర్లకే పంపాలి, అవసరమైతే బస్సు వెళ్లే దారి వెంట విస్తరించాలి. ప్రతిదానికీ జిల్లా అంతా మోగిస్తే జనం విసిగి అలర్టులే ఆపేసుకుంటారు. మనిషి దొరకగానే ‘దొరికారు’ అన్న కబురూ అదే దారిన వెళ్లాలి, ఫొటో తొలగించాలి.

నిర్ణయం గంటలోపు జరగాలంటే ఫైలు హైదరాబాద్‌కో అమరావతికో వెళ్లే పద్ధతి పనికిరాదు. డీఎస్పీ స్థాయి అధికారికి ఆ అధికారం ఇవ్వాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు బీజం 2017లో మన హైదరాబాద్‌లోనే పడింది. ముందస్తు నమోదు దానికే అప్పగించవచ్చు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఘాట్ల దగ్గర చేయి విడిపోయిన ముసలమ్మల పేర్లు మైకుల్లో వినబడుతూనే ఉంటాయి, ఆ హోరులో తన పేరును తానే పోల్చుకోలేని అమ్మకు ఆ పిలుపు చేరదు. ఇరు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్ర టెలికాం శాఖతో మాట్లాడి, ఆ పన్నెండు రోజులకైనా రాజమహేంద్రవరం, భద్రాచలం, బాసర ఘాట్ల పరిధిలో ఈ అలర్టును అమలు చేసి చూడాలి. నిబంధనలు రాయడం ఇప్పుడే మొదలుపెట్టాలి.