ముక్కు ఎటు తిరిగితే అర్థం అటు

బొమ్మలో మనిషి మనిషిలా ఉంటే వ్యాఖ్యాతకు ఉపాధి ఉండదు. 'బాగుంది, అచ్చం ఆయనలాగే ఉంది' అనేసి జనం ఇంటికి పోతారు. ఆధునిక చిత్రకళ ఈ అన్యాయాన్ని సరిదిద్దింది.

గెర్‌ట్రూడ్ స్టైన్ అనే అమెరికన్ రచయిత్రి బొమ్మ వేయడానికి చిత్రకారుడు పికాసో ఆమెను ఎన్నోసార్లు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ముఖం కుదరక తుడిచేశాడు. స్పెయిన్ వెళ్లొచ్చి, 1906లో ఆమె ఎదురుగా లేకుండానే ముఖం పూర్తిచేశాడు. అంటే బొమ్మకు మొదటి అడ్డంకి మనిషే. వ్యాఖ్యానానికి మొదటి అడ్డంకి ఏమిటంటే, బొమ్మ.

ఉదాహరణకు అతనే 1937లో వేసిన 'ఏడుస్తున్న స్త్రీ'ని తీసుకుందాం. లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు, అంతే. ముఖం పక్కకు తిరిగింది, కళ్లు మాత్రం రెండూ మనకే కనిపిస్తాయి. చర్మం పసుపు, ఆకుపచ్చ. నోటి దగ్గరికి వచ్చేసరికి రంగు ఇంకిపోయి, పళ్లూ వేళ్లూ చేతిరుమాలూ కలిసి పగిలిన గాజుపెంకుల్లా గుచ్చుకుంటాయి. ఇంత ఏడుపులోనూ ఎర్రటోపీ కాస్తయినా జరగలేదు, నీలిపువ్వు వాడలేదు. (ఈ టోపీ గురించే నాకు దిగులు.)

ఇప్పుడు వ్యాఖ్యానం. చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి వేయాలి. పసుపు అంటే భయం. ఎవరైనా కాదంటే అసూయ. ఇంకా కాదంటే 'రెండింటి మధ్య టెన్షన్' అనాలి. ఆ మాట తర్వాత ఎదురు ప్రశ్న రాదు. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడం తేలిక అనుకునేవాళ్లు ఈ రంగంలోకి రాకపోవడమే మంచిది, ఇక్కడ ముడి వేసేముందు మోకాలు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఒక్క హెచ్చరిక. 1937 ఏప్రిల్ 26న జర్మన్, ఇటాలియన్ విమానాలు స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద బాంబులు వేశాయి. పికాసో ఆ పేరుతోనే పెద్ద చిత్రం వేశాడు. అందులో చనిపోయిన బిడ్డను పట్టుకుని ఏడ్చే తల్లి ఉంది. ఆ ఏడుపు అతన్ని వదల్లేదు, నెలల తరబడి అదే ముఖాన్ని మళ్లీ మళ్లీ గీశాడు. మన 'ఏడుస్తున్న స్త్రీ' అక్టోబర్‌లో వచ్చింది. ఈ సంగతి ముందే చెబితే గాజుపెంకుల రుమాలు ఎవరికైనా ఇట్టే అర్థమైపోతుంది. కాబట్టి దీన్ని ఉపన్యాసం చివరికి నెట్టాలి, వీలైతే టైం సరిపోలేదనాలి.

బొమ్మలో కనిపించే పోలికలు పికాసో ప్రియురాలు డోరా మార్‌వి అంటారు. ఆమె స్వయంగా ఫోటోగ్రాఫర్. 'గెర్నికా' తయారవుతుంటే దశలవారీగా ఫోటోలు తీసింది ఆమే. ఏడవడం తప్ప ఇంకో పని కూడా ఆమెకు తెలుసన్న వివరం మన వ్యాఖ్యానానికి పనికిరాదు. 'ఇంతకీ ఆవిడ చూడ్డానికి ఎలా ఉండేదండీ?' అని ఎవరైనా అడిగితే కంగారు పడకండి. జాలిగా నవ్వి, పక్క బొమ్మ దగ్గరికి నడిపించండి.