నూటముప్పై డాలర్ల చెక్కు గారికి ఒక విశ్రాంత బ్యాంకు గుమాస్తా లేఖ

చిక్కడపల్లి, హైదరాబాదు.

మహారాజశ్రీ చెక్కు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ముప్పై నాలుగేళ్ళ పాటు కోఠీలోని ఒక బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని తమ జాతివారిని చేతులారా తడిమి, వెలుతురుకు పట్టి చూసి, ముద్ర వేసి పంపినవాణ్ణి కనుక, సూపర్‌మ్యాన్‌ను కొన్న తమ ఘనతను గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకు ఉన్నదనే అనుకుంటున్నాను.

తమరి మీద ఉన్న తేదీ 1938 మార్చి 1. మొత్తం 412 డాలర్లు. అందులో 282 డాలర్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్ కుర్రవాళ్ళు తమరిని రాసిన డిటెక్టివ్ కామిక్స్ అనే బొమ్మల కథల ప్రచురణకర్తకే రాసి గీసి ఇచ్చిన వేరే కథల తాలూకు బాకీ. మిగిలిన 130 డాలర్లు వాళ్ళిద్దరే సృష్టించిన సూపర్‌మ్యాన్‌కు. పేజీకి పది చొప్పున పదమూడు పేజీలు. లెక్కలో తప్పు లేదు, నేను రెండుసార్లు కూడి చూశాను. అయితే ఆ పదమూడు పేజీలతో పాటు ఆ మనిషినీ, అతని భుజాల మీది ఎర్ర గుడ్డనూ, అతడు ఇకమీదట చేయబోయే సాహసాలన్నిటినీ కలిపి ఆ ఇరవై మూడేళ్ళ పిల్లలు శాశ్వతంగా రాసి ఇచ్చేశారు. మా చిక్కడపల్లిలో ఒంటి గది వాటా అద్దెకిచ్చే ఇంటివాడు కూడా పదకొండు నెలలకు మించి అగ్రిమెంటు రాయడు.

ఆ ఏడాదే వెలువడిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక ముఖచిత్రం మీద సూపర్‌మ్యాన్ ఒక కారును అమాంతం పైకెత్తి కనిపిస్తాడు. లోకమంతా అతని బలాన్నే పొగిడింది. తమరు మాత్రం చడీచప్పుడు లేకుండా కారునూ, కారెత్తినవాణ్ణీ కలిపి ఎత్తుకుపోయారు.

ఈ సంగతులన్నీ ఇప్పుడు నాకెందుకంటే, మా ఇంట్లో ఎనిమిదేళ్ళ మనవడు ఉన్నాడు. వాడు నా స్నానపు తువ్వాలును మెడ చుట్టూ తిప్పి, రెండు పిన్నీసులు గుచ్చుకుని, సాయంత్రమయ్యేసరికి దివాన్ మీద నుంచి నేల మీదికి దూకుతూ ఉంటాడు. అచ్చులో పుట్టినప్పుడు సూపర్‌మ్యాన్‌ది కూడా ఇదే పద్ధతి. అతడు మైలులో ఎనిమిదో వంతు దూరం దూకేవాడే తప్ప ఎగిరేవాడు కాదు. 1941లో ఫ్లైషర్ స్టూడియోవాళ్ళు అతణ్ణి కార్టూన్‌గా తీసినప్పుడు, ఆ దూకడాలూ దిగడాలూ తెర మీద కప్ప గెంతుల్లాగా నవ్వు పుట్టించాయి కనుక, అతణ్ణి గాలిలోకి లేపి అక్కడే ఉంచేశారు. ఆ లెక్కన మావాడు ఇంకా 1938లోనే ఉన్నాడు. మోకాలి చిప్పలు అందుకు సాక్ష్యం.

ఆ మొదటి కార్టూన్ పది నిమిషాలది. దానికి పారమౌంట్ సంస్థ పెట్టిన ఖర్చు యాభై వేల డాలర్లు. దానిని ఆస్కార్‌కు కూడా ప్రతిపాదించారు. పాత అలవాటు కొద్దీ భాగించి చూశాను: పది నిమిషాల బొమ్మకు అయిన ఖర్చు, బొమ్మలోని మనిషిని కొన్న ధరకు 384 రెట్లకు పైమాటే.

తరువాతి భాగం చెప్పడానికి నాకు అంత ఉత్సాహం లేదు. 1947లో సీగెల్, షుస్టర్ ఇద్దరూ ఆ ప్రచురణకర్త మీద కోర్టుకెక్కారు. కొంత సొమ్ము చేతికి వచ్చింది, పుస్తకాల మీద నుంచి పేర్లు ఎగిరిపోయాయి. షుస్టర్‌కు చూపు మందగించింది, సీగెల్ గుమాస్తాగిరీకి చేరాడు. 1975లో, పెద్ద సినిమా తీసే సన్నాహాలు జరుగుతున్న వేళ, సీగెల్ పత్రికలకెక్కి గోల పెట్టిన మీదట, మనిషికి ఏడాదికి ఇరవై వేల డాలర్ల పింఛను ఇచ్చి, పేర్లు మళ్ళీ అచ్చు వేశారు. ఏటా నవంబరులో నేను బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే నాకు ఆ పేర్ల విలువ బాగా తెలుసు. బ్యాట్‌మ్యాన్‌కు ముసుగూ, వేషమూ, గోథమ్ అనే ఊరి పేరూ సమకూర్చిన బిల్ ఫింగర్‌కు ఆ భాగ్యమూ లేదు. ఆయన 1974లో పోయారు, పేరు 2015లో వచ్చింది. 1992 నాటి బ్యాట్‌మ్యాన్ కార్టూన్‌ను మావాడితో కలిసి చూస్తూ పేర్ల దగ్గర ఆపమన్నాను. సృష్టికర్తగా బాబ్ కేన్ ఒక్కడే కనబడ్డాడు.

“పేర్లు ఎవరు చూస్తారు తాతయ్యా?” అన్నాడు వాడు. ఛోటా భీమ్ మన హైదరాబాదులోనే తయారవుతాడని చెబితే సంతోషించి, మరి సూపర్‌మ్యాన్‌ది ఏ ఊరని అడిగాడు. క్లీవ్‌లాండ్ అన్నాను. కాదు, అతడు పుట్టిన గ్రహం క్రిప్టన్ అని నన్ను దిద్దాడు.

ఇక తమరి విషయం. మా బ్యాంకులో చెల్లింపు అయిపోయిన చెక్కులను గోనె సంచుల్లో కట్టి రికార్డు గదిలో పడేస్తే చెదలు తినేవి. తమరు 2012లో వేలానికి వెళ్ళి లక్షా అరవై వేల డాలర్లు పలికారు. మేము మొత్తాన్ని అక్షరాలా రాసి చివర “మాత్రమే” అని చేర్చించేవాళ్ళం, తరువాత ఎవరూ పక్కన ఇంకో అంకె ఇరికించకుండా. ఆ మాట రాసినవాడికి అడ్డు తగలలేదు, తమరికీ తగలలేదు. పుచ్చుకున్న ఇద్దరికే తగిలింది.

చివరిగా ఒక్క మనవి. తమరి మీద ఆ ఇద్దరి పేర్లూ తప్పుగా రాశారు. అందువల్ల వాళ్ళు వెనక వైపు తప్పు పేరుతో ఒకసారి, సరైన పేరుతో ఒకసారి, చెరి రెండు సంతకాలు చేయవలసి వచ్చింది. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా చెక్కును తిప్పి పంపిన పాపిష్ఠివాణ్ణి నేను. ఒక పెద్దాయనను ఎండలో మూడుసార్లు తిప్పినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. అయినా తమరు గనక ఆ రోజు నా కౌంటరు మీదికి వచ్చి ఉంటే, ఏమాత్రం సంకోచించకుండా “పేరులో తేడా” అని చీటీ రాసి, గుండుసూది గుచ్చి, కొత్త చెక్కు తెచ్చుకోండి నాయనా, ఈలోగా ఆ రాసి ఇచ్చిన కాగితాన్ని ఇంకొకసారి చదువుకోండి అని వాళ్ళను ఇంటికి పంపేవాణ్ణి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా