సమ్మర్ ఇంటర్న్‌షిప్ పిల్లలకు ముందు కూలి ఇవ్వండి

మే నెల వచ్చిందంటే మా ఆఫీసు ఫోన్‌కి రెండు రకాల కాల్స్. మొదటిది: "మేడం, మావాడికి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కావాలి, ఎంతవుతుంది?" రెండోది: "అక్కా, నాకు పని చెయ్యాలనే ఉంది, కాని పగలంతా సెల్ షాపులో ఉంటాను. సాయంత్రాలొస్తే చాలదా?" మొదటి కాల్ చేసేవాళ్లను అందరూ ఇప్పటికే తిట్టేశారు. రెండో కాల్ గురించి ఎవరూ రాయడం లేదని నేను రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపికుంటే చదవండి.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న రాయగడ జిల్లా గుణుపురం. చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలు కొన్ని కలిసి పెట్టుకున్న నెట్‌వర్క్‌లో మా సంస్థ ఒకటి. నేను అక్కడ లెక్కలు చూస్తాను. (ఇలాంటి ఆఫీసుల్లో లెక్కలు చూడడమంటే టీ చెప్పడం నుంచి ఆడిట్ దాకా అన్నీ చూడడం.) మా వైపు తెలుగు పిల్లలు ప్లస్ టూ అవగానే పాలకొండ, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఏదో ఒకటి పట్టుకుంటారు. వేసవిలో ఇంటికొచ్చేటప్పుడు బట్టల సంచితో పాటు ఒక లాగ్‌బుక్ (ఏ రోజు ఏం పని చేశారో రాసే పుస్తకం) కూడా తెస్తారు. ఆంధ్రాలో 2020–21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటలు తప్పనిసరి చేశారు. పిల్లలు ఇంటర్న్‌షిప్ అనేది దీన్నే. ఊళ్లో ఇంటింటి సర్వే చెయ్యాలి, ఒక అవగాహన కార్యక్రమం పెట్టాలి, రిపోర్టు రాసి వైవాకి కూర్చోవాలి. కాగితం మీద ఆలోచన బంగారం లాంటిది. దాని వెనక ఒక్క రూపాయి పెట్టలేదు, అదే గొడవ.

డబ్బు పెట్టకపోతే ఏం జరుగుతుందో మా టేబుల్ మీదికి సంతకానికొచ్చే లాగ్‌బుక్కుల్లో చూస్తుంటాను. వారం రోజులు నీలం పెన్ను, తర్వాతి వారం నల్ల పెన్ను, మధ్యలో ఒక ఆదివారానికి ఎర్ర గీత. ఏ రోజు రాసింది ఆ రోజే రాసినట్టు కనబడాలని పడ్డ కష్టం చూస్తే, అందులో సగం కష్టం ఫీల్డ్‌లో పడుంటే పనైపోయేది కదా అనిపిస్తుంది. అన్నీ ఒకే రాత్రి కూర్చుని రాసినవని చేతిరాత చూస్తేనే తెలిసిపోతుంది. చివరి పేజీల్లో అక్షరాలు నిద్రపోతుంటాయి.

ఇలా రాసుకొచ్చేవాళ్లలో డబ్బున్న సోమరులే ఉంటారనుకుంటే పొరపాటే. మే నెలంటే పెళ్లిళ్ల సీజన్. కేటరింగ్‌కి వెళ్లి రాత్రంతా వడ్డించి, తెల్లవారుజామున గిన్నెలు సర్దే కుర్రాళ్లలో డిగ్రీ చదివేవాళ్లు బోలెడంతమంది. వచ్చే సెమిస్టర్ హాస్టల్ ఫీజు వాడికి అక్కడి నుంచే రావాలి. కాలేజీ ఏమో నెలంతా ఊరికే పనిచెయ్యమంటుంది. వాడు రెండు పెళ్లిళ్ల డబ్బు పెట్టి సర్టిఫికెట్ కొనుక్కుని మిగతా పెళ్లిళ్ల డబ్బు దాచుకుంటాడు. వాడి లెక్క సరిగ్గానే ఉంది. అదే ఇంట్లో జరుగుబాటున్న పిల్లాడైతే నాన్న బండి మీద వచ్చి, ఫొటోలు దిగి, నిజాయితీగా ఇంటర్న్‌షిప్ చేశానని చెప్పుకుంటాడు. నీతి కూడా జరుగుబాటున్నవాడికే అందుబాటులో ఉండేలా పెట్టారు రూల్స్.

ఇక ఊళ్ల సంగతి. ప్రతి వేసవీ ఎవరో ఒకరు వచ్చి మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, ఎంతమంది చదువుకున్నారు అని అడుగుతారు. పోయినసారి ఒక ముసలమ్మ సర్వే పిల్లల్ని చూసి, "పోయినేడు రాసుకుని ఎల్లారు కదా, ఆ కాగితం పోనాదేటి?" అంది. పిల్లలు నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ కాగితం నిజంగానే ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

దీనికి తోడు మా సరిహద్దు బాధ ఒకటి. ఒక అమ్మాయి వాళ్ల సొంత ఊళ్లోనే ప్రాజెక్టు చేస్తానంటే, "మీ ఊరు ఒడిశాలో ఉంది కదమ్మా, ఆంధ్రా ఊరు తీసుకో" అన్నారట కాలేజీలో. తనకు ప్రతి గడపా తెలిసిన ఊరు వదిలేసి, బస్సెక్కి భామిని వైపు వెళ్లి, ముక్కూ మొహం తెలియని వాళ్లను మీ వార్షికాదాయం ఎంత అని అడగాలన్నమాట. 1936లో ఒడిశాను వేరే రాష్ట్రం చేసినప్పుడు గీసిన గీత ఇప్పుడు లాగ్‌బుక్‌లోకి కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు పనంటే ఎలా ఉంటుందో చెబుతాను. ఒక వేసవిలో పుట్టాసింగి వైపు నుంచి ఒక సవర గిరిజన అమ్మాయి వచ్చింది. అటు ఆంధ్రాలో డిగ్రీ చదువుతోంది. ఇంట్లో సవర, బడిలో ఒడియా, కాలేజీలో తెలుగు, మూడూ గడగడా మాట్లాడుతుంది. అప్పుడు మాకు సుభద్ర టెన్షన్ నడుస్తోంది. 2024 సెప్టెంబరులో మొదలైన ఈ ఒడిశా పథకంలో 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా ఇస్తారు. కాకపోతే ఆధార్‌కి లింకైన బ్యాంకు ఖాతాలోనే పడతాయి. కొండ మీద ఊళ్లలో చాలామందికి పడలేదు. ఎందుకు పడలేదని అడిగితే ఆన్‌లైన్ సెంటర్ వాడు "ఎర్రర్ వస్తోంది" అంటాడు, అంతే.

ఈ అమ్మాయి ఒక ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దూలానికి వేలాడదీసిన ప్లాస్టిక్ కవర్లు దింపి తెచ్చారు. అందులోనే అన్నీ ఉంటాయి: ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, ఎప్పుడో చనిపోయిన మావగారి ఓటరు కార్డు. ఒకావిడ పేరు ఆధార్‌లో సబర్, బ్యాంకు పుస్తకంలో శబర, రేషన్ కార్డులో సవర. ముగ్గురూ ఒకావిడే అని మనకు తెలుసు, కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? అమ్మాయి కాగితాలన్నీ మూడు కుప్పలు చేసింది. బ్యాంకులో సరిచేస్తే సరిపోయేవి ఒకటి. ఆధార్ సెంటర్‌కి వెళ్లి తీరాల్సినవి ఒకటి. పేర్లన్నీ సరిగ్గానే ఉండి, కేవైసీ ఒక్కటే మిగిలినవి ఇంకొకటి. కుప్పల మీద జారిపోకుండా చింతపిక్కల గిన్నె ఒకటి, చెప్పొకటి, రాయొకటి పెట్టింది. తర్వాత ఒక్కొక్కరికీ సవరలో చెప్పింది, నువ్వు బ్యాంకుకి వెళ్లు, నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు అని. అప్పటిదాకా అందరూ కలిసి జీపు కట్టించుకుని గుణుపురం దిగడం, సగం మంది ఉత్త చేతులతో తిరిగెళ్లడం జరిగేది. ఒక రోజు కూలి పోయి, జీపు ఛార్జీ కూడా పోయేది.

నేను చూసినంతలో ఇంతకన్నా మంచి ఫీల్డ్ వర్క్ లేదు. అయినా ఆమె లాగ్‌బుక్‌లో ఇది రాయడానికి గడి లేదు. సర్వే ఫారాలు ఎన్ని నింపావు అని అడిగే గడి మాత్రం ఉంది.

ఆ అమ్మాయి నెల మధ్యలో రావడం మానేసింది. జీడి గింజల పని. వాళ్ల తోటలో కొంత, పక్కవాళ్ల తోటలో కూలికి కొంత. నేను ఫోన్ చేస్తే మొహమాటపడుతూ, "అక్కా, జీపుకి రోజూ డబ్బులడిగితే నాన్న ఊరుకోవట్లేదు" అంది. మధ్యాహ్నం భోజనం మేమే పెట్టేవాళ్లం, కొండ దిగిరావడానికి డబ్బు మాత్రం ఆమే పెట్టుకునేది. ఆ ఏడాది లాగ్‌బుక్కుల్లో 180 గంటలూ నిండుగా ఉన్నవి వేరేవాళ్లవి. ఆమెకు అటెండెన్స్ తక్కువైందని కాలేజీ మెంటర్ గారు రిమార్కు రాశారు.

ఇక్కడ మా నెట్‌వర్క్ వాళ్లు ఒక మాటంటారు: "మన దగ్గర డబ్బెక్కడిది?" అందులో కొంత నిజముంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం మార్చారు. అంతకుముందు పెద్ద సంస్థ నిధి తెచ్చుకుని, అనుమతి ఉన్న చిన్న సంస్థలకు పంచేది. ఆ పంపకం పూర్తిగా ఆపేశారు. ఆఫీసు ఖర్చులకు వాడుకోగలిగే వాటాను 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. నెట్‌వర్క్ అంటేనే పంచుకోవడం కదా, అదే కుదరకపోతే ఇంకేముంది? కొన్ని సంస్థల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు ఉద్యోగులూ వెళ్లిపోయారు. ఆ కుర్చీల్లో వేసవిలో ఇంటర్న్‌లను కూర్చోబెడుతున్నారు, ఫ్రీగా. చదువుకునే పిల్లలకు అనుభవం ఇస్తున్నామని పైకి చెబుతారు. ఎంట్రీలు చేయించుకునేది మాత్రం జీతమిచ్చి చేయించుకోవాల్సినవే.

సర్కారుకు ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. 2024 బడ్జెట్‌లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రకటించి నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నారు. అంటే ఊరికే పనిచేయించుకోకూడదని ఒప్పుకున్నట్టే. కాని అది దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో చేరేవాళ్లకే, పైగా రెగ్యులర్‌గా చదువుకుంటున్నవాళ్లకు వర్తించదని అప్పుడు రూలు పెట్టారు. కొండ మీద ఆధార్ కుప్పలు పోసే అమ్మాయి ఆ లెక్కలోకి ఏ వైపు నుంచీ రాదు.

"సేవకు జీతమేంటమ్మా" అనే పెద్దలు గిడుగు రామమూర్తి గారి పేరు ఎత్తుతారు. పక్కనే పర్లాకిమిడి కదా, మా సభల్లో ఆయన ఫొటోకి దండ తప్పదు. సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, 1938 నాటికి సవర–ఇంగ్లిషు నిఘంటువు తెచ్చిన మనిషి. ఎంత దండం పెట్టినా తక్కువే. కాని ఆయన 1880లో రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతం మీద చేరారు. సొంత డబ్బు ఖర్చు పెట్టాలంటే ముందు సొంత డబ్బు ఉండాలి. ఇంకో సంగతి, తెలుగు కూడా వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని భాష నేర్చుకున్నారు. అంటే తనకు పని నేర్పినవాడి తిండీ బసా ఆయనే చూసుకున్నారు. ఆదర్శమంటే అది కూడా కలిపి తీసుకోవాలి మరి.

సరే, ఎంతవుతుందో లెక్క వేద్దాం, నా పనే అది. 2025–26లో ఉపాధి హామీ కూలి ఒడిశాకు రోజుకు 273 రూపాయలు, అటు ఆంధ్రాకు 307 ఉండేది. రోజుకు 8 గంటల చొప్పున 180 గంటలంటే ఇరవై రెండున్నర, పైకి సర్దితే 23 రోజులు. ఒడిశా రేటు కట్టినా ఒక్కరికి 6,279 రూపాయలు. మూడు భాషలొచ్చి, కంప్యూటర్ వచ్చి, కొండెక్కగలిగే మనిషికి మట్టి తవ్వే కూలి ఇవ్వమంటున్నాను, అంతకన్నా ఎక్కువ అడగలేదు. మా ముగింపు సభకు ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి కారు అద్దె, బిర్యానీ ప్యాకెట్ల బిల్లులు పాస్ చేసేది నేనే. ఆ ఫైల్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లల నెల కూలి నాకు కనబడుతూనే ఉంటుంది. కాలేజీలు కూడా ఫీజులో ప్రాజెక్టు పేరుతో వసూలు చేసేది కొంత అటు మళ్లించొచ్చు. కనీసం బస్సు డబ్బులు.

వచ్చే నెట్‌వర్క్ మీటింగ్‌కి ఇది రాసి పంపాను. రోజుకు 273, వారానికోసారి పిల్లల ఖాతాలోనే వెయ్యాలి. చివర్లో ఒకేసారి ఇస్తామంటే జీపు వాడు ఆగడు. ఏ ఊళ్లో పనిచేశారో ఆ ఊరి మహిళా సంఘం లాగ్‌బుక్ మీద సంతకం పెట్టాలి, నేను కాదు. శాలువాలు రద్దు. ఇద్దరు సెక్రటరీలు సరేనన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఫోన్ చేసి, "ఒకసారి అలవాటు చేస్తే ఏటా అడుగుతారమ్మా" అన్నారు. అడగాలనే కదా సార్ నా గోలంతా.