పిల్లల అలవాట్లు లెక్కిస్తాం, పెద్దలు వేసిన టైమ్‌టేబుల్ లెక్కించం

గత 30 రోజుల్లో ఎన్ని రోజులు సిగరెట్ తాగావు? గత 12 నెలల్లో ఎన్నిసార్లు కొట్లాటకు దిగావు? గత వారంలో ఎన్ని రోజులు గంటసేపైనా ఆడుకున్నావు? టీనేజీ పిల్లల ఆరోగ్యానికి ముప్పు తెచ్చే అలవాట్ల మీద ఏ దేశంలో సర్వే జరిగినా ప్రశ్నలు దాదాపు ఇలాగే ఉంటాయి. అమెరికాలో వ్యాధుల నియంత్రణ, నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 1991 నుంచి రెండేళ్లకోసారి హైస్కూలు పిల్లలతో ఇలాంటి ప్రశ్నపత్రం నింపిస్తోంది. పేరు రాయక్కర్లేదు. రోజుల తరబడి దిగులుగా, నిరాశగా గడిపామన్న అమ్మాయిలు అక్కడ 2011లో 36 శాతం ఉంటే 2021 నాటికి 57 శాతమయ్యారు. ఫోన్లే కారణమా, కోవిడా, ఇంకేమైనా ఉందా అని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదించుకోవడానికైనా వాళ్ల దగ్గర ముప్పై ఏళ్ల లెక్క ఉంది.

మన దగ్గర లెక్కలు అసలు లేవని కాదు. 2019లో జరిగిన గ్లోబల్ యూత్ టొబాకో సర్వేలో 13-15 ఏళ్ల పిల్లలు 80 వేల మందికి పైగా పాల్గొన్నారు. వాళ్లలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పేపర్లన్నీ ఈ అంకెనే హెడ్డింగ్ చేశాయి. నన్ను కలవరపెట్టింది మాత్రం వేరే అంకె. బీడీ తాగిన పిల్లల్లో 47 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లాడి చేతికి బీడీ ఎక్కడినుంచి వచ్చింది? ఇంట్లో నాన్న జేబులోంచి రావాలి, లేదా పాన్ డబ్బాలోంచి రావాలి. 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదని, బడికి 100 గజాల లోపు కొట్టే ఉండకూడదని 2003 నుంచి చట్టం ఉంది. అయినా రిపోర్టులో అది ‘పిల్లల ప్రవర్తన’ కిందే జమ అవుతుంది. కొట్టువాడికి ఏ కాలమ్ లేదు.

నా అభ్యంతరం ఇక్కడే. ఈ పరిశోధనల్లో చాలావరకు ముప్పును పిల్లవాడి ఖాతాలో రాస్తాయి. లోతుగా వెళ్లిన పరిశోధనలేమో వేలును మరోవైపు చూపిస్తాయి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో కారు నడిపే ఆటతో ఒక ప్రయోగం చేశారు. ఒంటరిగా ఆడినప్పుడు 13-16 ఏళ్ల పిల్లలకూ పెద్దలకూ దుడుకుతనంలో పెద్ద తేడా కనిపించలేదు. పక్కన స్నేహితులను కూర్చోబెట్టగానే ఆ పిల్లల దుడుకు రెట్టింపు దాటింది. పెద్దల్లో మార్పు లేదు. బండి మీద ముగ్గురెక్కి కేకలేసుకుంటూ వెళ్లే పదో తరగతి కుర్రాళ్లను చూసిన ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు. కానీ ఆ బండి తాళం ఎవరిచ్చారు? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఈ మాట సూటిగానే అడుగుతోంది. మైనర్ నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. ఈ ఒక్క విషయంలో పరిశోధకుల కంటే చట్టం రాసినవాళ్లే నయం అనిపిస్తుంది.

ఇంకో ఉదాహరణ. అమెరికా ప్రశ్నపత్రంలో లైంగిక ప్రవర్తన ఒక ముఖ్యమైన విభాగం. టీనేజీలో గర్భం రావడం దానికి కలిపి చూసే ఫలితం. ఆ చట్రాన్ని తెచ్చి ఆంధ్రప్రదేశ్‌కు తగిలిస్తే ఏమవుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో ఇది 23.5 శాతం. ముహూర్తం పెట్టింది, కట్నం మాట్లాడింది, భోజనాలు పెట్టింది పెద్దవాళ్లు. దీన్ని ఆ అమ్మాయి ‘ముప్పు తెచ్చే ప్రవర్తన’ అని ఏ మొహం పెట్టుకుని రాస్తాం?

ముప్పు పిల్లల బుర్రలోనే ఉందనుకుంటే మందు ఉపన్యాసమే అవుతుంది. ఐస్‌లాండ్ ఆ దారి వదిలేసింది. 1998లో అక్కడ 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో తాగి తూలామన్నారు. 2016 నాటికి అది 5 శాతానికి వచ్చింది. ఆటలకు, సంగీతానికి డబ్బు ఇచ్చారు, రాత్రి పూట పిల్లలు వీధుల్లో తిరగకుండా వేళలు పెట్టారు, తల్లిదండ్రులతో ఒప్పందాలు చేయించారు. బడుల వారీ సర్వే ఫలితాలను కొద్ది నెలల్లోనే స్థానికుల చేతికిచ్చారు. నాలుగు లక్షల జనాభా కూడా లేని దేశం, మనకెక్కడ సాధ్యం అంటారా? అయితే బిహార్ సంగతి చూద్దాం.

నలంద జిల్లాలోని 74 ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి పిల్లల కోసం సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ ‘సెహర్’ అనే కార్యక్రమాన్ని పరీక్షించి చూసింది. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. బడిలో గోడపత్రిక, అసెంబ్లీలో చర్చలు, పేరు రాయకుండా చీటీ వేసే పెట్టె, కావాలంటే విడిగా కూర్చుని మాట్లాడే వీలు. ఖరీదైనదేమీ లేదు. కొన్ని బడుల్లో ఈ పని శిక్షణ ఇచ్చి బయటినుంచి తెచ్చిన కౌన్సెలర్‌కు అప్పగించారు. వాళ్లు సైకాలజిస్టులేం కాదు. మరికొన్ని బడుల్లో అదే పనిని అక్కడి టీచర్‌కే ఇచ్చారు. పోల్చి చూడడానికి మిగతా బడుల్లో ఈ కార్యక్రమం పెట్టలేదు. కౌన్సెలర్ ఉన్నచోట కొట్లాటలు, ఏడిపించడం తగ్గాయి, పిల్లల్లో దిగులు తగ్గింది, బడి వాతావరణం బాగా మారింది. టీచర్లు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కార్యక్రమం ఒకటే, పెట్టె ఒకటే.

టీచర్లు చెడ్డవాళ్లని దీనికి అర్థం తీయను. మార్కులు వేసేది, ఇంటికి ఫోన్ చేసేది ఆయనే అయినప్పుడు, ఆ పెట్టెలో చీటీ వేయడానికి పిల్లలకు చేయి రాదు. సర్వేకూ ఇదే వర్తిస్తుంది. బెంచీల మధ్య సార్ తిరుగుతూ ఉంటే, ‘గత 30 రోజుల్లో’ అన్న ప్రశ్నకు పిల్లాడు ‘సున్నా’ గడిలోనే టిక్ పెడతాడు. చేతి రాత గుర్తుపడతారేమోనన్న టెన్షన్ వేరే.

ఇక తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన సమస్య. మన దగ్గర పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల్లో ఎక్కువమంది బడిలో ఉండరు, జూనియర్ కాలేజీల్లో ఉంటారు. పొగాకు సర్వే 8 నుంచి 10 తరగతుల దగ్గరే ఆగిపోతుంది. అంటే 16, 17 ఏళ్ల వయసులో, ఒత్తిడి పతాక స్థాయిలో ఉన్నప్పుడు, మన పిల్లలు లెక్కలోంచి జారిపోతారు. వాళ్లలో ఎందరో రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో ఉంటారు. అక్కడ సిగరెట్ దొరకదు, బండి ఉండదు, ఫోన్ ఉండదు. సర్వే వాళ్ల ప్రశ్నపత్రం ఇస్తే చాలా గడుల్లో ఈ పిల్లలు బుద్ధిమంతులే. కానీ ఉదయం ఐదింటికి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్ నడిపితే మిగిలే నిద్ర మహా అయితే ఆరున్నర గంటలు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో గ్రౌండ్ ఉండదు. వీకెండ్ టెస్ట్ ర్యాంకును బట్టి సెక్షన్ మారుతుంది. ఇవన్నీ ఆరోగ్యానికి ముప్పు తెచ్చేవే. పైగా వీటికి ఫీజు కట్టేది మనమే.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు పోయారు. (ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.) విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. బాగుంది. కానీ ఆ కౌన్సెలర్ జీతం ఇచ్చేది మేనేజ్‌మెంటే అయితే, రిపోర్టు ప్రిన్సిపాల్ టేబుల్ మీదికే వెళ్తే, నలందలో టీచర్ల విషయంలో జరిగిందే ఇక్కడా జరుగుతుందని నా భయం.

రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డుల దగ్గర ప్రతి విద్యార్థి హాల్ టికెట్ నంబరు ఉంది, ప్రతి కాలేజీ చిరునామా ఉంది. ఏడాదికోసారి ఒక పీరియడ్ తీసుకుని, లెక్చరర్‌ను, వార్డెన్‌ను బయట నిలబెట్టి, పేరు లేని కాగితం మీద అడగాలి. నిన్న ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేపారు? చివరిసారి ఎప్పుడు ఆడుకున్నావు? భయమేస్తే చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఫలితాలను క్యాంపస్‌ల వారీగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకుల ఫ్లెక్సీ చూసి పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకు ఆ పట్టిక కూడా పక్కనే కనిపించాలి. కాలేజీలు ఒప్పుకోవంటారేమో. ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) కూడా వాళ్లు ఇష్టపడి అడిగింది కాదు, గుర్తింపుకు బోర్డు పెట్టిన షరతు.