విద్యార్థుల ట్రిప్ ఈసారి మార్క్స్‌బుర్గ్‌కి పెడదాం

వేసవి సెమిస్టర్ మొదలయ్యిందంటే చాలు, ఇక్కడ జర్మనీలో మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకి ఎప్పుడు వెళ్దాం? తెల్లవారకముందే బస్సెక్కడం, కొండ కింద క్యూ, అరగంట టూర్, ఎదురుగా ఉన్న వంతెన మీద నిలబడి ఫోటో, మళ్ళీ బస్సు. ఆ కోట అందాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మాస్టర్స్ చదివే రెండేళ్ళలో, క్లాసులు, పార్ట్‌టైం ఉద్యోగం, థీసిస్ టెన్షన్ మధ్య ఒక్క కోట చూసే తీరికే దొరికితే మాత్రం అది నోయ్‌ష్వాన్‌స్టైన్ కాకూడదని, మార్క్స్‌బుర్గ్ కోట కావాలని నా అభిప్రాయం.

ఎందుకంటే యుద్ధం కోసం కట్టింది కాదది. దక్షిణ జర్మనీలోని బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో దానికి పునాది వేయించాడు. అప్పటికి మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి 17 ఏళ్ళు. నాటకాలకు తెరలు గీసే చిత్రకారుడు బొమ్మలు గీసిస్తే, ఆ ఊహను పట్టుకుని కట్టారు. చూడ్డానికి పాతకాలం కోట, లోపల మాత్రం వేడిగాలి హీటింగ్, పై అంతస్తులకు కూడా కుళాయి నీళ్ళు, నౌకర్లను పిలవడానికి కరెంటు గంటలు. రాజు అక్కడ గడిపింది అన్నీ కలిపి 172 రోజులే. 1886 జూన్‌లో ఆయన పోతే, ఏడు వారాలకే టికెట్లు పెట్టి జనాన్ని లోపలికి పంపారు. ఎవరి కంటా పడకుండా బతకాలని కట్టుకున్న ఇంటికి ఇప్పుడు వేసవిలో రోజుకు 6,000 మంది దాకా వస్తున్నారు. ఆ మనిషిని తలచుకుంటే నాకు జాలేస్తుంది.

మార్క్స్‌బుర్గ్ సంగతి వేరు. కోబ్లెన్స్ నగరానికి కాస్త ఎగువన, రైన్ నది ఒడ్డున బ్రౌబాహ్ అనే చిన్న ఊరుంది. ఊరి నెత్తిన కొండ, కొండ మీద ఈ కోట. 1689లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సేనలు ఈ నది వెంబడి కోటల్ని వరసపెట్టి పాడుచేశాయి. దగ్గర్లోని ష్టోల్‌ట్సెన్‌ఫెల్స్ కోట అప్పుడు పోయిందే. నేడు కనిపించేది 19వ శతాబ్దంలో అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజకుటుంబం తిరిగి కట్టించుకున్నది. మిడిల్ రైన్, అంటే ఈ నది నడిమి భాగంలోని కొండకోటల్లో ఎన్నడూ శిథిలం కాకుండా మిగిలింది మార్క్స్‌బుర్గ్ ఒక్కటే.

గేటు దాటగానే గుర్రాలు పైకి నడిచి రావడానికి రాతిలోనే తొలిచిన మెట్లు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అన్నీ వంకరే. చూసుకుని అడుగేయకపోతే పడతాం. పైనుంచి ఫిరంగులు నది వైపు గురిపెట్టి ఉంటాయి. లోపల వంటగదిలో పొయ్యే ఒక గదంత ఉంటుంది, దాని ముందు నిలబడితే అంతమందికి రోజూ వండిన వాళ్ళు గుర్తొస్తారు. నాకు అన్నిటికంటే నచ్చింది పెద్ద హాల్లోని మరుగుదొడ్డి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కింద అంతా గాలే. దాని తలుపుకి గడియ బయటివైపు, అంటే హాలు వైపు పెట్టారు, ఎందుకంటే శత్రువు ఆ కంతలోంచి పాక్కుంటూ వచ్చినా హాల్లోకి అడుగుపెట్టలేకుండా. ఎంత భయం మధ్య బతికారో ఆ గడియ ఒక్కటి చూస్తే తెలిసిపోతుంది.

మన అసోసియేషన్ వాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ కోటను నిలబెట్టింది ప్రభుత్వం కాదు, ఒక సంఘం. పాత కోటల్ని కాపాడాలని బోడో ఎబ్‌హార్ట్ అనే ఆర్కిటెక్ట్ 1899లో కొందరిని కూడగట్టి సంఘం పెట్టాడు. మరుసటి ఏడాదే వాళ్ళు ఈ కోటను ప్రష్యా ప్రభుత్వం దగ్గర కొన్నారు. 1945లో అవతలి గట్టు నుంచి అమెరికన్ ఫిరంగులు కొడితే బాగా దెబ్బతింది, మళ్ళీ బాగు చేసుకున్నారు. నేటికీ ఆ సంఘం ఆఫీసు కోటలోనే. మన దగ్గర గండికోట వెళ్ళి, పెన్నా లోయ దగ్గర ఫోటో దిగి, ధాన్యాగారంలోకి ఒకసారి తొంగిచూసి వచ్చేసిన వాళ్ళం చాలామందిమి ఉన్నాం. అందులో ఎన్నాళ్ళ తిండి పట్టేది, కొండ మీదికి నీళ్ళెలా వచ్చేవి అని అడగాలని మనకు తట్టలేదు. మార్క్స్‌బుర్గ్ చూసొచ్చిన పిల్లలు సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఆ ప్రశ్నలు అడుగుతారని నా నమ్మకం.

నోయ్‌ష్వాన్‌స్టైన్ ఫోటోకి వచ్చినన్ని లైకులు దీనికి రావని పిల్లలు అంటారు. రావు, నిజమే. ఖర్చు మాత్రం కలిసొస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైన్ కుడిగట్టు వెంబడి వెళ్ళే లోకల్ రైలు బ్రౌబాహ్‌లో ఆగుతుంది, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళలో, బస్సుల్లో చెల్లే నెలవారీ పాస్) ఉన్నవాళ్ళకు అందులో విడిగా చార్జీ అక్కర్లేదు. దారి పొడవునా కిటికీలోంచి కోటలే. స్టేషన్ నుంచి కొండ ఎక్కడం కాస్త ఆయాసమే కానీ నడిచి వెళ్ళొచ్చు.

టూర్‌తో తప్ప లోపలికి వెళ్ళనివ్వరు, మామూలు రోజుల్లో ఇంగ్లిష్ టూర్లు కొన్నే ఉంటాయి. కాబట్టి కమిటీ ముందుగానే గ్రూప్ పేరు మీద ఇంగ్లిష్ టూర్ బుక్ చేయాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులుంటే ఆ రాతిమెట్లు వద్దు, వాళ్ళకు ఆ పూట రైన్‌లో పడవ టికెట్లు తీద్దాం. తేదీ పరీక్షలు అయ్యాకే పెట్టండి.